అత్తమ్మతో శృంగవరపుకోట కుస్తీకి

శనివారం పొద్దున్న ఆరింటికి సబ్‌స్టేషన్‌లో రాత్రి డ్యూటీ దిగాను. మే నెల. రాత్రంతా కరెంటు పోతూ వస్తూ, ఫోన్లు మోగుతూ కుర్చీలో వెన్ను వాల్చే వీల్లేకపోయింది. ఇంటికొచ్చి ఫ్యాను కింద పడితే చాలనుకున్నవాణ్ని, ఎనిమిదయ్యేసరికి పలాస స్టేషన్‌లో, చేతిలో మూడు గిన్నెల క్యారియరుతో, పక్కన మా అత్తమ్మతో నిలబడి ఉన్నాను.

ఈ ప్రయాణం ఎందుకు పడిందో ముందు చెప్పాలి. నా భార్య రూతు తమ్ముడు దాసు కుస్తీ ఆడతాడు. మన ఊళ్లలో మట్టిలో పట్టే కుస్తీ కాదు. టీవీలో అమెరికా వాళ్లు రంగురంగుల లాగులేసుకుని, నాలుగు వైపులా తాళ్లు కట్టిన అరుగు మీద ఒకళ్లనొకళ్లు ఎత్తి పడేసుకుంటారే, ఆ కుస్తీ. నాకు పెళ్లయిన కొత్తలో వాడు బడికెళ్లే పిల్లాడు. వాళ్లింట్లో ఆ చానల్ వచ్చేది కాదు. సోమవారం తెల్లారకముందే మా తలుపు కొట్టి, మా టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు. అక్కడి జనం డబ్బు కట్టి చూసే పెద్ద పోటీలు మనకు కేబుల్‌లో ఊరికే వచ్చేవి. అది చూసీ చూసీ, డిగ్రీ అయ్యాక పంజాబు పోయి, ఆ కుస్తీ నేర్పే చోట రెండేళ్లుండి వచ్చాడు. అప్పట్నుంచీ ఊరూరా చిన్న చిన్న షోలు తిరుగుతున్నాడు. ఇంటికొచ్చినప్పుడు ఒంటి మీద గీతలు, మోకాలికి పట్టీ తప్ప పెద్దగా ఏమీ తెచ్చేవాడు కాదు.

మా అత్తమ్మ పేరు దయామణి. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆ జీడి రసానికి ఆమె వేళ్ల చివర్లు నల్లబడి అలాగే ఉండిపోయాయి. మామగారు పోయి చాలా కాలమైంది. కొడుకు రోజూ ఎక్కడో ఒకచోట తన్నులు తింటున్నాడన్న దిగులుతో ఆమెకు నిద్ర లేదు. నేను కాంట్రాక్టరుని పట్టుకుని, బతిమాలి, మా సబ్‌స్టేషన్‌లోనే దాసుకి షిఫ్టు ఉద్యోగం ఒకటి మాట్లాడాను. సోమవారం చేరాలి. ఆ మాట దాసుకి ఫోన్లో చెప్పాను.

"బావా, శనివారం శృంగవరపుకోటలో నా ఆట ఉన్నాది. అమ్మని ఒక్కపాలి తీసుకురా. నన్ను సూసినాక కూడా వచ్చీమంటే వచ్చీస్తాను. మారు మాటాడను," అన్నాడు.

అత్తమ్మకి చెప్పాను. "సూడ్డానికేటున్నాది? ఆడ్ని ఎంటబెట్టుకొచ్చీడానికైతే వస్తాను," అంది.

అలా బయల్దేరాం. బరంపురం వైపు నుంచి వచ్చే పాసింజరు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. వెళ్లేవాళ్లకి ఒక మాట. ఎండాకాలం పొద్దుటి పూట పలాస నుంచి కిందికి దిగే బండిలో ఎడమవైపు కిటికీ పట్టుకోకండి. నౌపడా ఉప్పు మళ్ల దగ్గరికొచ్చేసరికి ఎండ ముఖం మీద వాతలు పెడుతుంది. మాకు దొరికింది ఆ ఎడమవైపే. అత్తమ్మ తన నల్ల గొడుగు విప్పి కిటికీకి అడ్డం పెట్టింది. గాలి కూడా పోయింది.

ఎదురుగా కూర్చున్న ఒడియా పెద్దాయన, కళ్ల ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళుతున్నాడట, క్యారియరు చూసి "పెళ్లికా?" అన్నాడు.

"కాదు. కుస్తీకి," అన్నాను.

ఆయన అత్తమ్మని, నన్నూ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు.

తిలారు దాటాక అత్తమ్మని కాస్త సిద్ధం చేద్దామనుకున్నాను. ఇందులో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారనీ, ఎలా పడాలో నేర్చుకునే పడతారనీ, చూసేవాళ్లకి భయమేస్తుంది గానీ వాళ్లకేమీ కాదనీ చెప్పాను. ఇవాళ దాసే గెలుస్తాడని కూడా చెప్పాను. వాడు ఫోన్లో ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు.

"ముందే తెలిసినాక ఆడ్డమెందుకు బాబూ?" అంది అత్తమ్మ.

నిద్రొస్తోందని కళ్లు మూసుకున్నాను. శ్రీకాకుళం రోడ్డులో ముంజలమ్మే ఆవిడ బుట్ట నా మోకాలికి కొట్టుకున్నప్పుడు ఒకసారి, చీపురుపల్లిలో ఎక్స్‌ప్రెస్ బండికి దారిచ్చి మమ్మల్ని ఎండలో నిలబెట్టినప్పుడు ఒకసారి మెలకువ వచ్చింది. రెండుసార్లూ అత్తమ్మ అలాగే గొడుగు పట్టుకుని కూర్చుని ఉంది.

విజయనగరంలో దిగేసరికి ఒంటిగంట. ఆటోలో ఆర్టీసీ బస్సుల కాంప్లెక్స్‌కి వెళ్లి, ఎదురుగా ఉన్న హోటల్లో భోజనం చేశాం. పప్పు బాగుంది, మిగిలినవి చెప్పుకోనక్కర్లేదు. క్యారియరులో అన్నం, కోడిగుడ్ల కూర ఉన్నాయి గానీ అత్తమ్మ ముట్టనివ్వలేదు. "గుంటడికి తెచ్చినాను," అంది, కొడుకుని తలుచుకుని. శృంగవరపుకోట బస్సు నిండుగా ఉంది. కండక్టరు దయతలచి అత్తమ్మకి ముందు సీటు ఇప్పించాడు. నేను జామి దాకా నిలబడే వెళ్లాను. ఆ తర్వాత సీటు దొరికింది గానీ ఇంజను వేడి అడుగు నుంచి తన్నుకొస్తోంది. కొండలు దగ్గరవుతున్నకొద్దీ చల్లబడుతుందనుకున్నాను. చల్లబడలేదు.

ఊళ్లో సంత జరిగే ఖాళీ స్థలంలో షామియానాలు వేశారు. పోస్టర్ల నిండా దాసు బొమ్మ. కింద 'కళింగ కేసరి' అని ఉంది. వాడి ఎదురుగా గడ్డం పెంచి కళ్లెర్రజేసిన ఒక పర్వతం లాంటి మనిషి. కింద 'యమగండం' అని ఉంది. అన్నిటికన్నా కింద, నలభై తొమ్మిది రూపాయలు కడితే ఫోన్లో ప్రత్యక్షంగా చూడొచ్చని రాసి ఉంది. కాశీబుగ్గలో రూతు ఆ డబ్బు కట్టేసి, వీధి వీధినంతా మా ఇంట్లో కూర్చోబెట్టుకుంది. ఆ సంగతి దారిలోనే ఫోన్ చేసి చెప్పింది.

ఆట నాలుగింటికి. నాలుగున్నరకి రింగు మూలల్లో ఇంకా బోల్టులు బిగిస్తున్నారు. కొండల పక్కన కాబట్టి నెట్టు సరిగ్గా అందడం లేదనీ, డబ్బు కట్టినవాళ్లకి బొమ్మ వెళ్లేదాకా మొదలుపెట్టబోమనీ మైకులో చెబుతున్నారు. ఎండలో కూర్చున్న జనం, డబ్బు మేమూ కట్టాం కదా అని గోల పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలో నేను రెండుసార్లు తూలాను.

ఆ సందులో దాసు మమ్మల్ని రింగు వెనక, గుడ్డలు అడ్డం కట్టిన గదిలోకి తీసుకెళ్లాడు. ఒంటికి నూనె రాసుకుని మెరిసిపోతున్నాడు. తల్లిని చూసి నవ్వాడు గానీ దగ్గరికి రావడానికి జంకాడు. ఆమె చీరకి నూనె అంటుతుందని కాబోలు. పక్కనే స్టూలు మీద కూర్చుని యమగండం చిన్న దువ్వెనతో గడ్డం దువ్వుకుంటున్నాడు. అతని అసలు పేరు సత్బీర్, హర్యానా మనిషి. దాసు ఏదో చెప్పగానే గబుక్కున లేచి అత్తమ్మ కాళ్లకి దణ్ణం పెట్టాడు. ఆమె రెండడుగులు వెనక్కేసింది.

"ఈడేనేటి నిన్ను కొట్టేది?"

"ఈడే అమ్మా. మంచోడు."

"మంచోడైతే కొట్టడం ఎందుకు?"

దాసు నవ్వి, మోకాళ్ల మీద కూర్చుని, "నువ్వు బయపడకు. నాను కిందపడినప్పుడల్లా అరసేత్తో నేల మీద టప్‌మని కొడతాను. ఆ సప్పుడు ఇనబడిందంటే నాకేటీ అవలేదన్నట్టే. సరేనా?" అన్నాడు.

"అలగే," అంది అత్తమ్మ. అన్నాక, "సోమారం పనిలోకి సేరాలి, గేపకమున్నాదా?" అని కూడా అంది.

"ఉన్నాది. ముందు సూడు," అన్నాడు దాసు.

ఆరున్నరకి, ఎండ కొండ వెనక్కి జారాక, మొదలైంది. ముందు నలుగురు కుర్రాళ్లు జంటలుగా ఆడారు. ఆ తర్వాత దాసు వచ్చాడు. మాకు మొదటి వరసలో కుర్చీలు వేయించాడు. వాడు పరుగున వచ్చి తాళ్ల మీంచి లోపలికి దూకుతుంటే ఆ జనమంతా లేచి అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది. మా టీవీ ముందు నోరు తెరుచుకుని కూర్చున్న పిల్లాడు వీడేనా అనిపించింది. అత్తమ్మ ముఖం చూశాను. ఆమె కొడుకుని చూడటం లేదు. వెనక్కి తిరిగి, అరుస్తున్న జనాన్ని చూస్తోంది.

సత్బీర్ వాణ్ని నడుం పట్టి ఎత్తి వెల్లకిలా పడేశాడు. పలకలు దద్దరిల్లాయి. వెంటనే అరచేత్తో టప్. అత్తమ్మ ఊపిరి వదిలింది. రెండోసారి గోడకి కొట్టినట్టు మూలకి విసిరాడు. దాసు జారి కిందపడ్డాడు. టప్. ఈసారి ఆమె నావైపు తిరిగి తలూపింది కూడా. మూడోసారి, నాలుగోసారి పడేసరికి మా అత్తమ్మ ఆటలో పడింది. సత్బీర్ జనం మీద కన్నెర్రజేస్తే, "పోరా!" అని తనూ చెయ్యి విసిరింది. నేను కాస్త నిశ్చింతగా కుర్చీలో వాలాను.

ఆఖర్న దాసు మూల స్తంభమెక్కాడు. పై తాడు మీద నిలబడి ఎగిరి సత్బీర్ మీద పడాలి, అతను వాణ్ని పట్టుకుని కిందికి ఒరగాలి, అక్కడితో ఆట అయిపోవాలి. అది తర్వాత తెలిసింది. వాడు కాళ్లతో ఒత్తి ఎగరబోయేసరికి ఆ మూల బోల్టు వదిలేసి, తాడు వదులై కిందికి జారింది. వాడు ముందుకు ఎగరాల్సింది, పక్కకి పడ్డాడు. ఎడమ భుజం పలక అంచుకి తగిలింది.

జనం ఈలలు వేశారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

"బాబూ, సప్పుడు రాలేదు," అంది అత్తమ్మ.

"కొడతాడు అత్తమ్మా, కాస్త ఆగండి."

ఆగాం. చప్పుడు రాలేదు. దాసు పక్కకి తిరిగి, కాళ్లు ముడుచుకుని అలాగే పడి ఉన్నాడు. సత్బీర్ వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మెడ దగ్గర చెయ్యి పెట్టి, చెవి దగ్గర ఏదో అడుగుతున్నాడు. చూసేవాళ్లకి మాత్రం పీక నొక్కుతున్నట్టే ఉంది. నా జేబులో ఫోన్ మోగింది. రూతు. "బొమ్మ ఆగిపోయింది! తమ్ముడు ఎగిరినాడు, అక్కడే ఆగిపోయింది! ఏటైంది?" అని అరుస్తోంది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని పక్కకి చూశాను. అత్తమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

అరవై దాటిన మనిషి ఆ మెట్లు ఎలా ఎక్కిందో, తాళ్ల మధ్యనుంచి ఎలా దూరిందో నేను చూడలేదు. నేను చూసేసరికి చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మడిచిన గొడుగు ఎత్తి, సత్బీర్ వీపు మీద కొట్టింది.

"ఒగ్గీరా! నా కొడుకునొగ్గీరా!"

జనం పిచ్చెత్తినట్టు లేచారు. వందల ఫోన్లు పైకి లేచాయి. మైకులో కుర్రాడు, పాపం వాడికీ ఏమీ తెలీదు, "కేసరి తల్లి వచ్చింది! కేసరి తల్లి వచ్చింది!" అని గొంతు చించుకుంటున్నాడు. నేను రింగు దగ్గరికి పరుగెత్తాను గానీ మనుషులు అడ్డం పడ్డారు.

సత్బీర్ లేచి నిలబడ్డాడు. అత్తమ్మ అతని ఛాతీ దాకా కూడా రాదు. అతను కింద దాసునీ, ముందున్న ఆమెనీ ఒక్క క్షణం చూశాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది. తగిలింది భుజానికైనా అతను నుదురు పట్టుకుని, తూలి, కళ్లు తేలేసి, కొట్టేసిన తాటిచెట్టులా వెల్లకిలా పడ్డాడు. పడటం పడటం సరిగ్గా దాసు పక్కనే పడ్డాడు. పడ్డాక, ఇది తర్వాత దాసు చెప్పాడు, ఎవరికీ కనపడకుండా దాసు కుడిచెయ్యి మెల్లగా లాగి తన గుండెల మీద వేసుకున్నాడు. రిఫరీ ఒక్కసారి బిత్తరపోయి, తర్వాత అర్థమై, నేల మీద పాకి మూడు లెక్కపెట్టాడు. మూడు లెక్కపెట్టేదాకా ఎదుటివాడి మీద చెయ్యి ఉన్నవాడిదే గెలుపు. గంట కొట్టారు. కళింగ కేసరి గెలిచాడు.

నేను రింగు చేరేసరికి అత్తమ్మ గొడుగు కింద పడేసింది. "ఓలమ్మో, ఆడు సచ్చిపోనాడేటి బాబూ? నాను సంపీసినానేటి?" అని నన్ను పట్టుకుంది. కళ్లు మూసుకుని పడి ఉన్న సత్బీర్ పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది. నవ్వాపుకుంటున్నాడు. దాసు మాత్రం నవ్వే స్థితిలో లేడు. ముఖం పాలిపోయి ఉంది. "బావా, బుజం ఇరిగిపోయినాది," అన్నాడు.

షో పెట్టిన మనిషి ఒక వ్యాను ఇచ్చి, తను మాత్రం జనంలో మాయమయ్యాడు. ఆ వ్యానులో విజయనగరం తిరిగొచ్చాం. సత్బీర్ ఆ వేషంలోనే, పైన ఒక తువ్వాలు కప్పుకుని, బట్టల సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని, దాసుని తన ఒంటికి ఆనించుకుని కూర్చున్నాడు. గుంతలొచ్చినప్పుడల్లా వాడి మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టి పట్టాడు. అత్తమ్మ ఎదురుగా కూర్చుని ఆ చేతినే చూస్తోంది. రూతు మళ్లీ ఫోన్ చేసింది. బొమ్మ తిరిగొచ్చేసరికి ఆమెకి ముందు కనిపించింది గొడుగు పట్టుకున్న తన తల్లేనట. "అమ్మకి కూడా వేషం ఇచ్చినారా?" అని అడిగింది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, కాలర్ ఎముక విరిగిందనీ, అతుక్కుంటుందనీ, రెండు నెలలు చెయ్యి కదపకూడదనీ చెప్పి పట్టీలు వేశాడు. వేస్తున్నంతసేపూ మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. అత్తమ్మ క్యారియరు విప్పింది. పొద్దుటి అన్నం, అయినా పాడవలేదు. మొదటి గిన్నె సత్బీర్‌కి ఇచ్చింది. అతను చేతులు జోడించి తీసుకుని, రెండు గుడ్లూ తిని, గిన్నె వేళ్లతో తుడిచాడు.

"అడుగు బాబూ, నా గొడుగు దెబ్బకే పడిపోనాడా అని," అంది అత్తమ్మ.

నా హిందీ సినిమాల్లోంచి, టీవీలోంచి వచ్చిన హిందీ. దానితోనే అడిగాను. అతను పెద్దగా నవ్వి, కాంపౌండరు కసురుకుంటే గొంతు తగ్గించి చెప్పాడు. మీ వాడే గెలవాలని ముందే అనుకున్నాం అమ్మా. వాడు లేవలేడని దగ్గరికెళ్లి చూశాక తెలిసింది. ఇంక ఎలా ఓడిపోవాలా అని ఆలోచిస్తున్నాను, ఇంతలో మీరొచ్చారు.

తెలుగులో చెప్పాను.

"అంతమంది ముందర, అంత మనిషి, ముసల్దాని సేత దెబ్బలు తిని పడ్డాడు. ఈడి కోసమేనా?"

"దాసు కోసమే అత్తమ్మా."

"ఈలకి ఒకడి మీద ఒకడికి ఇంత ఉంటాదేటి?" అని, రెండో గిన్నె కూడా అతని ముందుకే జరిపింది.

స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి, దుప్పట్లు మాత్రం మీవి మీరు తెచ్చుకోండి. నేను బూట్లతోనే పడి నిద్రపోయాను.

ఆదివారం పొద్దున్నే కాంట్రాక్టరు ఫోన్. అతను కూడా వీడియో చూశాడు. "చెయ్యి ఇరిగినోడు సోమారం ఎలగ చేరతాడండీ? నాకు మనిషి కావాల," అన్నాడు. రెండు నెలలు ఆగమన్నాను. మధ్యాహ్నానికల్లా ఇంకొకర్ని చూసుకుంటానన్నాడు. మూడు వారాలు అతని వెంట తిరిగిన నాకు కోపం రావాలి. ఒంట్లో అంత శక్తి లేదు. ఇడ్లీలు తింటున్నప్పుడు ఇద్దరికీ చెప్పాను. దాసు తల దించుకున్నాడు. అత్తమ్మ వాడి ప్లేటులో ఇడ్లీ ముక్కలు చేసి పెట్టింది.

సత్బీర్‌కి రాయపూర్ బండి. మాకన్నా ముందు అదొచ్చింది. ఎక్కేముందు అతను మళ్లీ అత్తమ్మ కాళ్లకి వంగాడు. ఈసారి ఆమె వెనక్కి జరగలేదు. దాసు కోసం తెచ్చిన జీడిపప్పు పొట్లం అతని జేబులో కుక్కి, "ఎన్ను మీద తగిలినాదేటి? కొబ్బరి నూని రాసుకో," అంది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నిటికీ తలూపాడు.

మా పాసింజరు పదకొండు దాటాక వచ్చింది. ఆదివారమైనా కాలు పెట్టే చోటు లేదు. పట్టీలు చూసి ఒకాయన దాసుకి కిటికీ సీటు ఇచ్చాడు, ఇంకొకావిడ జరిగి అత్తమ్మకి చోటు చేసింది. నేను తలుపు దగ్గర సంచీల మీద కూర్చున్నాను. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి. నిన్న వెళ్లిన ఊళ్లే వెనక్కి పోతున్నాయి. దాసు కిటికీ ఊచకి తల ఆనించుకున్నాడు. వాడి మాట ఒకటి ఉంది కదా, చూశాక రమ్మంటే వచ్చేస్తానని. ఆమె ఎప్పుడంటుందా అని వాడు కాచుకుని కూర్చున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

పొందూరులో ఎక్కిన నలుగురైదుగురు కుర్రాళ్లు ఫోన్లో ఏదో చూస్తూ నవ్వుకుంటున్నారు. వాళ్లలో ఒకడు తలెత్తి అత్తమ్మని చూశాడు. ఫోన్ చూశాడు. మళ్లీ అత్తమ్మని చూశాడు.

"ఒరే, ఈవిడేరా! గొడుగావిడ!"

పెట్టె మొత్తం ఇటు తిరిగింది. ఫోన్ చేతులు మారింది. బఠాణీలమ్మేవాడు కూడా బుట్ట దింపి చూశాడు. అత్తమ్మ కూడా చూసింది. తను గొడుగెత్తడం, సత్బీర్ పడటం, పక్కన తన కొడుకు కదలకుండా ఉండటం. అక్కడ ఆమె ముఖం తిప్పేసుకుంది. కుర్రాళ్లు దాసుతో ఫొటోలు దిగారు. దాసు నొప్పితోనే నవ్వాడు.

"నిజంగానే ఇరిగినాదా, పట్టీలు కూడా ఏసమేనా?" అన్నాడొకడు.

"నిజమేరా," అన్నాడు దాసు.

"మరి మల్లీ ఆట ఎప్పుడు, అన్నా?"

దాసు తల్లి వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు. దూసి దగ్గర ఏటి వంతెన మీద బండి నెమ్మదించింది. కింద నీళ్లు లేవు, ఇసుక మెరుస్తోంది. ఆ కుర్రాడు, కొడుకు పలక్కపోతే తల్లినే అడుగుదామనుకున్నాడేమో, "మీరు సెప్పండమ్మా. మల్లీ ఎప్పుడు?" అన్నాడు.

"ముందు ఎముక అతకాల కదా నాయనా," అంది అత్తమ్మ. "అతికినాక ఎల్తాడు."

ఆమె చాలా మామూలుగా అంది. అని, చెంగుతో ముఖం తుడుచుకుంది. దాసు వెంటనే ఇటు తిరగలేదు. వాడి మెడ కింద పట్టీ పైకీ కిందికీ కదలడం నేను సంచీల మీంచి చూశాను.

వానలు పడ్డాక వాడు వెళ్లాడు. నాలుగేళ్లు ఆడాడు. మోకాలు మొరాయించాక కాశీబుగ్గ వచ్చేసి, పిల్లలకి వ్యాయామం నేర్పే హాలు పెట్టుకున్నాడు. సబ్‌స్టేషన్ ఉద్యోగంలో వాడి బదులు చేరినతను నా పక్క షిఫ్టులోనే ఉన్నాడు, మంచివాడు. ఆ ప్రయాణం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, వేడి, ఆలస్యం, చాలీచాలని నిద్ర అని చెబుతాను. ఇంకోసారి వెళ్తావా అంటే నా ఒళ్లు వద్దంటుంది.

ఆ ఆదివారం బండిలో, శ్రీకాకుళం రోడ్డు దాటేసరికి జనం పలచబడ్డారు. పైబెర్తు ఖాళీ అయితే ఎక్కి పడుకున్నాను. కిందనుంచి వాళ్లిద్దరి మాటలు వినిపిస్తున్నాయి. తాడెక్కి నిలబడినప్పుడు కళ్లు తిరగవా అని ఆమె అడుగుతోంది. కాలి బొటనవేలితో ఎలా పట్టు తీసుకోవాలో వాడు చెబుతున్నాడు. ఏదీ, మల్లీ సెప్పు అంటోంది. వాడు మళ్లీ చెబుతున్నాడు. కాసేపు విన్నాను. తర్వాత నాకు నిద్ర పట్టేసింది.